లాలాజల గ్రంథులు – వార్ధక్యపు ఛాయలు

చింతకాయను తలచుకుంటే చాలు, నోరూరుతుంది. కొత్త ఆవకాయ జాడీకి కట్టిన వాసెన విప్పగానే ఇంటిల్లిపాది నోళ్ళలోను నీళ్ళూరుతాయి. పరీక్షాఫలితాల కోసం ఎదురుచూసే విద్యార్థికి మాత్రం నోరెండిపోతుంది, గొంతు తడారిపోతుంది. ఇష్టానికి తడిని, భయానికి పొడిని ముడివేసిన ఈ పలుకుబళ్ళు కవుల కల్పనలు కావు. వాటి వెనుక ఒక శరీరధర్మం ఉన్నది. రుచి, వాసన, తలపు, భయం అనేవి నాడుల ద్వారా మన నోటి చుట్టూ ఉన్న కొన్ని గ్రంథులను ప్రేరేపిస్తాయి లేదా నిరోధిస్తాయి. అవే లాలాజల గ్రంథులు.

ఇప్పుడు మరొక దృశ్యాన్ని ఊహించుకుందాం. డెబ్బై ఏళ్ళు దాటిన నాయనమ్మ భోజనానికి కూర్చున్నది. ఒకప్పుడు కరకరలాడించిన అప్పడాన్ని విస్తరి అంచుకు నెట్టివేసింది. మజ్జిగ పోసి జారుగా కలుపుకుంటే తప్ప ముద్ద గొంతు దిగడం లేదు. రాత్రి మంచం పక్కన మరచెంబు లేనిదే ఆమెకు నిద్ర పట్టదు. నాలుక అంగిటికి అతుక్కుపోతున్నదని ఆమె చెప్పినప్పుడు ఇంట్లోని వారు “పెద్దతనం కదా, అంతే!” అని తేల్చివేస్తారు. ఆ మాట ఎంతవరకు నిజం? వయస్సు మీరిన కొద్దీ లాలాజల గ్రంథులు నిజంగా ఎండిపోతాయా? మనిషి శరీరాన్ని కోయకుండానే లోపలి అవయవాలను చూపగలిగే నేటి చిత్రణ సాధనాలు ఈ విషయంలో ఏమి చెబుతున్నాయి? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడం వైద్య విద్యార్థులకే కాదు, ఇంట్లో పెద్దవారున్న ప్రతి ఒక్కరికీ అవసరమే.

మానవునిలో ప్రధానమైన లాలాజల గ్రంథులు మూడు జతలు. చెవికి ముందు, కొంత కిందుగా ఉండేవి పెరోటిడ్ గ్రంథులు. ఇవి అన్నింటికంటె పెద్దవి. ఒక్కొక్కటి సుమారు 15 నుండి 30 గ్రాముల బరువుంటుంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవుల కింద ఉబ్బి బాధపెట్టేవి ఇవే. కింది దవడ ఎముక అంచు కింద ఉండేవి అధోజంభికా గ్రంథులు. నాలుక కింద నోటి అడుగుభాగాన ఉండే చిన్నవి అధోజిహ్వికా గ్రంథులు. ఇవి కాక పెదవులలో, బుగ్గలలో, అంగిటిలో వందల సంఖ్యలో సూక్ష్మగ్రంథులు విస్తరించి ఉన్నాయి. పెరోటిడ్ గ్రంథి నుండి బయలుదేరిన నాళం బుగ్గను చీల్చుకొని పై దవడలోని రెండవ పెద్ద దంతానికి ఎదురుగా నోటిలోకి తెరచుకుంటుంది. 1660లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో గొర్రె తలను కోసి పరిశీలిస్తూ ఈ నాళాన్ని కనుగొన్నవాడు నీల్స్ స్టెన్సన్ అనే డెన్మార్క్ దేశపు విద్యార్థి. అప్పటికి అతని వయస్సు ఇరవైరెండేళ్ళు మాత్రమే. నేటికీ ఆ నాళం అతని పేరుతోనే వ్యవహరింపబడుతున్నది.

ఈ గ్రంథులన్నీ కలిసి రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలాన్ని స్రవిస్తాయి. పెరోటిడ్ గ్రంథుల స్రావం నీటివలె పలుచన. అధోజిహ్వికా గ్రంథుల స్రావం జిగురుగా ఉంటుంది. అధోజంభికా గ్రంథుల స్రావంలో ఈ రెండు గుణాలూ కలిసి ఉంటాయి. మనం ఏమీ తినకుండా ఊరకే ఉన్నప్పుడు నోటిని తడిపే లాలాజలంలో అధికభాగం అధోజంభికా గ్రంథులదే. ఆహారం నమలడం మొదలుపెట్టగానే పెరోటిడ్ గ్రంథులు రంగంలోకి దిగుతాయి. నిద్రలో స్రావం దాదాపు ఆగిపోతుంది.

లాలాజలం చేసే మేలు ఇంతా అంతా కాదు. అది పిండిపదార్థాల జీర్ణక్రియను నోటిలోనే ప్రారంభిస్తుంది. అన్నాన్ని ముద్దగా మార్చి గొంతులోకి జారనిస్తుంది. పదార్థాలను కరిగించి నాలుకకు రుచిని అందిస్తుంది. ఆమ్లాలను తటస్థపరచి, కాల్షియం, ఫాస్ఫేటు లవణాలను అందించి పంటి పింగాణీని కాపాడుతుంది. సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. మాట స్పష్టంగా పలకడానికి తోడ్పడుతుంది. కట్టుడు పళ్ళు చిగుళ్ళను ఒరుసుకొనకుండా అమరి ఉండడానికీ అదే ఆధారం. ఉన్నంతకాలం దాని విలువ మనకు తెలియదు. అది తగ్గిననాడు తిండి, మాట, నిద్ర మూడూ కష్టమవుతాయి.

పూర్వం ఈ గ్రంథుల లోపలి స్థితిని తెలుసుకోవాలంటే మృతదేహాలను కోసి చూడడం తప్ప మార్గాంతరం లేదు. 1895 నవంబరు 8న జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొనడంతో జీవించి ఉన్న మనిషి లోపలికి తొంగిచూసే అవకాశం కలిగింది. ఐతే ఎక్స్‌రే చిత్రంలో ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి గాని, మెత్తని గ్రంథులు కనిపించవు. అందువల్ల ఇరవయ్యవ శతాబ్ది ప్రథమార్ధంలో వైద్యులు ఒక ఉపాయం పన్నారు. ఎక్స్‌కిరణాలను అడ్డగించే ద్రవాన్ని గ్రంథి నాళంలోకి సన్నని గొట్టం ద్వారా ఎక్కించి, ఆపైన చిత్రం తీసేవారు. అప్పుడు నాళం, దాని కొమ్మలు, రెమ్మలు ఆకులు రాలిన చెట్టువలె చిత్రంలో గోచరించేవి. కాని ఆ చెట్టు చుట్టూ ఉన్న కండ మాత్రం కనబడేది కాదు.

ఆ లోటును తీర్చినది సి.టి. స్కానింగ్. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఈ యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారిగా ఒక రోగిని పరీక్షించారు. ఇందులో ఎక్స్‌కిరణాలు శరీరం చుట్టూ అనేక కోణాల నుండి ప్రసరిస్తాయి. ఏ భాగం ఎంత కిరణాన్ని పీల్చుకున్నదో కంప్యూటరు లెక్కగట్టి, శరీరాన్ని పనసతొన చీల్చినట్లు పొరలు పొరలుగా చూపుతుంది. ప్రతి కణజాలానికి ఒక అంకె లభిస్తుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000. కొవ్వుకు మైనస్ 50 నుండి మైనస్ 100 వరకు, కండరానికి ప్లస్ 50కి అటూ ఇటూగా ఉంటుంది. ఈ కొలతను హౌన్స్‌ఫీల్డ్ ప్రమాణం అంటారు. అల్లన్ కార్మాక్ అనే భౌతికశాస్త్రవేత్తతో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

దీని తరువాత ఎం.ఆర్.ఐ. స్కానింగ్ వచ్చింది. ఇందులో ఎక్స్‌కిరణాలు ఉండవు. బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు శరీరంలోని హైడ్రోజన్ పరమాణువులు స్పందించే తీరును బట్టి చిత్రం ఏర్పడుతుంది. కొవ్వును, నీటిని వేరుచేసి చూపడంలో దీనికి సాటి లేదు. మనిషి చెవికి వినబడని ధ్వని తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనులతో చిత్రం గీసేది అల్ట్రాసౌండ్. ఇది చౌక, ప్రమాదరహితం. మన జిల్లా కేంద్రాలలోను, చిన్న పట్టణాలలోను సైతం అందుబాటులో ఉన్నది. ఐతే దవడ ఎముక చాటున దాగిన పెరోటిడ్ లోతట్టు భాగాన్ని ఇది చూపలేదు. ఇక నాలుగవది అణువైద్య పరీక్ష. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని అతిస్వల్ప మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. లాలాజల గ్రంథులు దానిని గ్రహిస్తాయి. పిమ్మట నాలుకపై నిమ్మరసం వేస్తే, గ్రంథులు ఆ పదార్థాన్ని లాలాజలంతోపాటు నోటిలోకి వదులుతాయి. మొదటి మూడు పద్ధతులు ముఖ్యంగా గ్రంథి రూపాన్ని చూపితే, ఈ నాలుగవది గ్రంథి పనితనాన్ని చూపుతుంది.

వయస్సు గ్రంథిలో తెచ్చే మార్పేమిటి? సూక్ష్మదర్శిని కింద లాలాజల గ్రంథి ద్రాక్షగుత్తి వలె ఉంటుంది. పండ్ల వంటి స్రావక కణ సముదాయాలలో లాలాజలం తయారవుతుంది. తొడిమల వంటి సన్నని నాళాల గుండా అది బయటకు ప్రవహిస్తుంది. వయస్సు పైబడిన కొద్దీ ఈ గుత్తిలో పండ్లు తగ్గుతాయి. వాటి స్థానాన్ని కొవ్వు కణాలు, పీచు కణజాలం ఆక్రమిస్తాయి. 1970, 80 దశకాలలో మరణానంతరం సేకరించిన గ్రంథులను జాగ్రత్తగా కొలిచి చూసిన పరిశోధకులు, యౌవనం నుండి వార్ధక్యానికి వచ్చేసరికి అధోజంభికా గ్రంథిలోని స్రావక కణజాలంలో ఇంచుమించు మూడవ వంతు తరిగిపోతున్నదని గుర్తించారు.

సూక్ష్మదర్శినిలో కనిపించిన ఈ మార్పే స్కానింగ్ చిత్రాలలో మరొక భాషలో వ్యక్తమవుతుంది. పసివారి పెరోటిడ్ గ్రంథిలో కొవ్వు తక్కువ. అందుచేత సి.టి. చిత్రంలో అది ఇంచుమించు కండరంతో సమానమైన ఛాయలో కనిపిస్తుంది. పెద్దవారిలో దాని అంకె కండరానికీ కొవ్వుకూ నడుమ నిలుస్తుంది. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ అంకె క్రమంగా దిగజారుతుంది. కొందరు వృద్ధులలో సున్న కంటె కిందికి, కొవ్వు అంకెకు చేరువగా జారిపోతుంది. చిత్రంలో గ్రంథి నల్లబడినట్లు కనిపిస్తుంది. ఎం.ఆర్.ఐ. చిత్రాలలో ఒక రకం పద్ధతిలో కొవ్వు తెల్లగా మెరుస్తుంది. కాబట్టి అక్కడ అదే గ్రంథి వయస్సుతోపాటు తెల్లబడుతుంది. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు చేరిన గ్రంథి ధ్వనిని ఎక్కువగా ప్రతిఫలింపజేసి మరింత ప్రకాశవంతంగా కనిపిస్తుంది. ఒకే మార్పు ఒక చిత్రంలో నలుపుగా, వేరొక చిత్రంలో తెలుపుగా కనిపించడం విచిత్రమే. చిత్రాన్ని చూడడం వేరు, చదవడం వేరు అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

మూడు జతల గ్రంథులూ ఒకే తీరున ముసలివి కావు. పెరోటిడ్ గ్రంథి స్వభావతః కొవ్వును ఎక్కువగా చేర్చుకుంటుంది. స్రావక కణజాలం తగ్గినా, ఆ చోటును కొవ్వు నింపడం వల్ల దాని పరిమాణం అంతగా తగ్గకపోవచ్చు. కుటుంబం సగం ఖాళీ అయినా ఇంటి గోడలు అట్లే నిలిచి ఉన్నట్లు, పైకి గ్రంథి నిండుగానే ఉంటుంది. అధోజంభికా గ్రంథిలో కొవ్వు చేరిక తక్కువ. అందువల్లనే సి.టి. చిత్రంలో అది పెరోటిడ్ కంటె దట్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గ్రంథిలో కొవ్వు కనిపించినంత మాత్రాన దానికి వయస్సే కారణమని నిర్ధారించరాదు. స్థూలకాయం ఉన్నవారిలోను, మధుమేహం ఉన్నవారిలోను, మద్యపానానికి అలవాటుపడిన వారిలోను నడివయస్సులోనే ఇటువంటి మార్పు కనిపించవచ్చు. కాబట్టి స్కానింగ్ చిత్రం చూచి వయస్సును ఊహించడం, జుట్టు నెరసినంత మాత్రాన వృద్ధుడని భ్రమపడడం వంటిదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గ్రంథిలో మూడవ వంతు తరిగిపోతే లాలాజలం కూడా మూడవ వంతు తగ్గాలి కదా! ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, అట్లా జరగడం లేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరోగ్యవంతులను ఏళ్ళ తరబడి అనుసరించి వార్ధక్యాన్ని అధ్యయనం చేసే ఒక ప్రసిద్ధ పరిశోధనలో భాగంగా, బ్రూస్ బామ్ అనే శాస్త్రవేత్త వివిధ వయస్సుల వారి పెరోటిడ్ స్రావాన్ని కొలిచి 1981లో ఫలితాలు ప్రకటించాడు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులలో ప్రేరేపిత పెరోటిడ్ స్రావం యువకులతో పోల్చితే చెప్పుకోదగినంతగా తగ్గలేదని అందులో తేలింది. అనేక అధ్యయనాలను ఒక్కచోట చేర్చి విశ్లేషించిన 2015 నాటి పరిశీలన ఈ చిత్రాన్ని మరింత స్పష్టపరచింది. నోటిలోని మొత్తం లాలాజలము, అధోజంభికా, అధోజిహ్వికా గ్రంథుల స్రావము వయస్సుతో కొంత తగ్గుతాయి. పెరోటిడ్ స్రావం మాత్రం నిలకడగానే ఉంటుంది.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణం నిల్వసామర్థ్యం. యౌవనంలో మన గ్రంథులకు అవసరాన్ని మించిన శక్తి ఉంటుంది. పది కాడి ఎడ్లున్న రైతుకు మూడు కాండ్లు తగ్గినా మామూలు దుక్కి ఆగదు. ఐతే ఒకేసారి పొలమంతా పదును మీద దున్నవలసి వచ్చిన రోజున ఆ లోటు బయటపడుతుంది. లాలాజల గ్రంథుల సంగతీ అంతే. వయస్సు వాటి నిల్వశక్తిని హరిస్తుంది. అంతమాత్రాన నోరు ఎండిపోదు. కాని ఆపైన మరొక భారం వచ్చి పడినప్పుడు, యువకులు తట్టుకొనగలిగిన దానిని వృద్ధులు తట్టుకొనలేరు.

ఆ భారం చాలా సందర్భాలలో మందుల రూపంలో వస్తుంది. రక్తపోటుకు, నిద్రలేమికి, మానసిక వ్యాకులతకు, అలర్జీకి, మూత్రకోశ సమస్యలకు వాడే మందులలో అనేకం లాలాజల స్రావాన్ని తగ్గిస్తాయి. వృద్ధులు ఒకేసారి నాలుగైదు రకాల మాత్రలు వేసుకోవడం నేడు సర్వసాధారణం. ఇటువంటి వారి గ్రంథిని స్కానింగ్‌లో చూస్తే వయస్సుకు తగిన కొవ్వు తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. ఎందుకంటే ఆ మందులు గ్రంథిని చెడగొట్టవు. గ్రంథికి ఆజ్ఞలు మోసుకొచ్చే నాడీ సంకేతాలను అడ్డుకుంటాయి. ఊట ఉన్నది, తూము మూసుకున్నది. ఇది సరిదిద్దగల లోపం.

మరికొన్ని కారణాలను చిత్రాలే పట్టిస్తాయి. 1933లో స్వీడన్ దేశపు కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ తన పరిశోధన గ్రంథంలో వివరించిన వ్యాధిలో, శరీర రక్షణవ్యవస్థ పొరపాటున తన లాలాజల గ్రంథులనూ కన్నీటి గ్రంథులనూ తానే నాశనం చేసుకుంటుంది. నడివయస్సు స్త్రీలలో ఇది ఎక్కువ. వార్ధక్యంలో గ్రంథి అంతటా సమానంగా మార్పు కనిపిస్తే, ఈ వ్యాధిలో అల్ట్రాసౌండ్ చిత్రం నల్లని చుక్కలు, గళ్ళతో చిల్లులు పడిన ఆకువలె కనిపిస్తుంది. నాళంలో రాయి అడ్డుపడితే గ్రంథి వాపు, భోజనవేళల్లో నొప్పి కలుగుతాయి. ఆ రాళ్ళలో అధికభాగం అధోజంభికా నాళంలోనే ఏర్పడతాయి. నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ చికిత్స పొందినవారిలో గ్రంథులు కుంచించుకుపోతాయి. పొగాకు వల్ల ఇటువంటి క్యాన్సర్లు అధికంగా ఉన్న మన దేశంలో ఇది చిన్న సమస్య కాదు. అందువల్లనే నేడు చికిత్సకు ముందు స్కానింగ్ చిత్రాలపై పెరోటిడ్ గ్రంథి సరిహద్దులను గీసి, వీలైనంత వరకు కిరణాలు దానిపై పడకుండా ప్రణాళిక వేస్తున్నారు.

ఈ రంగంలో తెలుసుకోవలసినది ఇంకా మిగిలి ఉన్నదనడానికి ఒక ఉదాహరణ చాలు. 2020లో నెదర్లాండ్స్ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు పౌరుషగ్రంథి క్యాన్సర్ రోగులకు చేసిన ఒక ప్రత్యేక స్కానింగ్‌లో ముక్కు వెనుక, గొంతు పైభాగాన ఒక జత గ్రంథి సముదాయం వెలుగుతుండడం గమనించారు. వంద మందిని పరిశీలించగా అందరిలోను అవి కనిపించాయి. వీటిని ప్రత్యేక అవయవంగా భావించాలా, సూక్ష్మగ్రంథుల గుంపుగా పరిగణించాలా అన్న చర్చ శాస్త్రజ్ఞులలో సాగింది. ఏది ఏమైనా, స్టెన్సన్ గొర్రె తలను కోసిన 360 ఏళ్ళ తరువాత కూడా మన తలలోనే మనకు తెలియని చోట్లున్నాయన్న మాట!

ఇంత శక్తిమంతమైన సాధనాలకు కూడా ఒక పరిమితి ఉన్నది. సి.టి. చిత్రం గ్రంథిలో కొవ్వు ఎంతో చెప్పగలదు గాని, ముద్ద గొంతు దిగడం లేదని చెప్పలేదు. గ్రంథి నిండా కొవ్వు ఉన్నవారికి నోరు తడిగానే ఉండవచ్చు. చిత్రం నిర్మలంగా ఉన్నవారు రాత్రంతా దాహంతో అలమటించవచ్చు. కనుక వైద్యుడు మొదట చేయవలసినది అడగడం, వినడం. ఆ తరువాత ఒక చిన్న పాత్రలోకి కొద్ది నిమిషాలు లాలాజలాన్ని సేకరించి కొలవడం. ఏమీ తినని సమయంలో నిమిషానికి 0.1 మిల్లీలీటరు కంటె తక్కువ వస్తే స్రావం లోపించినట్లు భావిస్తారు. అవసరమైనప్పుడే స్కానింగ్. నోరెండిన ప్రతి వృద్ధునికీ సి.టి. తీయడం అనవసర వ్యయం, అనవసర కిరణ ప్రసారం.

ఇంట్లో మనం చేయగలిగినదీ కొంత ఉన్నది. పెద్దవారు వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితంపై రాసి వైద్యునికి చూపాలి. ఏ మందునూ సొంతంగా మానివేయరాదు. ఏది మార్చాలో, ఏది తగ్గించాలో వైద్యుడే నిర్ణయిస్తాడు. మాటిమాటికి గుక్కెడు నీళ్ళు తాగడం, పొగాకును, జర్దా కిళ్ళీని మానడం, తీపి తగ్గించడం, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో పళ్ళు శుభ్రపరచుకోవడం మేలు చేస్తాయి. నోరెండినవారికి పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి కాబట్టి దంతవైద్యుని పర్యవేక్షణ కూడా అవసరం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. వారిలో ఎందరో తమ బాధను వయస్సు ఖాతాలో వేసి మౌనంగా భరిస్తున్నారు. వార్ధక్యం లాలాజల గ్రంథులపై తన ఛాయను వేసే మాట నిజమే. స్కానింగ్ చిత్రాలు అందుకు సాక్ష్యం. కాని ఆ ఛాయ ఊటను పూర్తిగా ఇంకింపజేయదని అదే శాస్త్రం నిరూపించింది. కాబట్టి నాయనమ్మ విస్తరి అంచున మిగిలిన అప్పడాన్ని చూచినప్పుడు “పెద్దతనం” అని తేల్చివేయక, “ఎప్పటినుంచి ఇట్లా ఉంది నాయనమ్మా? ఏ మాత్రలు వేసుకుంటున్నావు?” అని అడుగుదాం. చికిత్స ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.